తాత ఎప్పుడు పోయినట్టు

1954 ఆగస్టు 3, కర్నూలు

అన్న మా తాతను చంపడానికి మంచి రోజు వెతుకుతున్నాడు.

సంవత్సరం ఖాయమైపోయింది. 1877, ధాత కరువు. నెలా తేదీ మాత్రం నన్ను చూసిపెట్టమంటాడు. "మద్రాసులో హిస్టరీ చదివినదానివి గదా నాగలక్ష్మీ. ఏ రాజు ఎప్పుడు సచ్చిందీ పిల్లోళ్లకు చెప్తావు, మన తాతది చెప్పలేవా?" అన్నాడు, ఖద్దరు చొక్కాకు అత్తరు రాసుకుంటూ.

కర్నూలు రాజధాని అయి ఏడాది కావస్తోంది. ఆఫీసులు గుడారాల్లో ఉన్నాయి, గుమాస్తాలు కొట్టాల్లో కాపురముంటున్నారు, ఊళ్లో తెల్లచొక్కా ఉన్న ప్రతివాడికీ ఇంట్లో ఒక త్యాగమూర్తి కావలసివచ్చింది. జైలుకు పోయివచ్చినవాళ్లకు ఆ చిక్కు లేదు. మా అన్న హనుమంతరెడ్డి నలభై రెండులో జైలుకు పోలేదు. కలెక్టరు దొరకు దానిమ్మపళ్ల బుట్టలు పంపుతూ ఉండిపోయాడు. కాబట్టి ఇప్పుడు త్యాగం తాత చేయాలి.

అక్టోబరు ఒకటిన, రాష్ట్రం పుట్టినరోజున, మా సత్రం ముందు రాయి నిలబెడతారు. "కరువు పీడితులకు గంజి పోస్తూ అసువులు బాసిన దాత తిమ్మారెడ్డి." మంత్రి ఒకాయన వచ్చి గుడ్డ తొలగిస్తాడు. ఎన్నికలంటూ వస్తే ఆ మంత్రి అన్నకు సీటు ఇప్పిస్తాడు. మధ్యలో నేను తాత మీద చిన్న పుస్తకం రాయాలి.

రాస్తాను. కడపలో సెలవు పెట్టి వచ్చినదాన్ని, ఊరికే కూర్చొని తినలేను గదా. సెలవే. బడి కమిటీ వాళ్ల ఉత్తరం రాగానే వెళ్లిపోతాను.

ఆగస్టు 6

మా రెడ్ల ఇళ్లకు వంశం పాడటానికి పిచ్చుకుంట్లవాళ్లు వస్తారు. అన్న కబురు పెడితే చిన్న ఈరన్న తంబుర భుజాన వేసుకొని వచ్చాడు. వాకిట్లో కూర్చొని మూల పురుషుడి దగ్గర్నుంచి అందుకున్నాడు. మా మూల పురుషుడు ఒకే దెబ్బతో పులిని చంపాడట. ప్రతి రెడ్డి మూల పురుషుడూ ఒక పులిని చంపాడు. ఈ జిల్లాలో పులులు లేకపోవడానికి కారణం అదే అయి ఉండాలి.

తాత దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచాడు. "తిమ్మారెడ్డి అంటే సామాన్యుడా తల్లీ! నూరేండ్లు బతికి, కాశీకి నడిచిపోయి, గంగలో మునిగినోడు మళ్ల లెయ్యలా!"

"నూరేళ్లు బతికినవాడు కరువులో కుర్రతనంలోనే ఎట్లా పోయాడు ఈరన్నా?"

అతడు తడుముకోలేదు. "ఆయప్ప ఇంకో తిమ్మారెడ్డి అయి ఉంటాడు తల్లీ. రెండు శేర్ల కొర్రలు ఎక్కువ పెట్టిస్తే ఆయప్పనూ పాడతా."

అన్నకు చెబితే నవ్వలేదు. "కాశీ బాగుండాది. అది కూడా యెయ్యి" అన్నాడు.

ఆగస్టు 7

ఉత్తరం రాలేదు.

ఆగస్టు 12

ఓర్వకల్లు పోయివచ్చాను. తాత గంజి పోసింది అక్కడి రాతికొండల కింద, మిషన్ దొరలు పెట్టిన గంజికొట్టం దగ్గర అని అన్న చెబుతాడు. మిషన్ వాళ్లు చచ్చినవాళ్లను కూడా లెక్క రాసుకుంటారు కాబట్టి తేదీ దొరుకుతుందనుకున్నాను. బస్సు దిగి, రాళ్ల మధ్య నడిచి, కొండ కింద పల్లెకు చేరేసరికి చెప్పు తెగింది.

ఏసేపు పాదిరి మర్యాదస్తుడు. సమాధుల పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. 1877 నిండా చావులే. "ఒక పురుషుడు, పేరు తెలియదు." "ఒక స్త్రీ, బిడ్డతో." పేజీల కొద్దీ ఇంతే. తిమ్మారెడ్డి లేడు. అసలు ఏ రెడ్డీ లేడు. రెడ్లు గంజికొట్టాల దగ్గర చావరు. అక్కడికి లెక్కలు రాయడానికి పోతారు.

పుస్తకం మూస్తుంటే ఆయన ఇంకొకటి తెరిచాడు. "ఇది చూడండమ్మా. మీ ఇంటోళ్లని ఈడ చెప్పుకొంటారు." 1904. తిమోతి, వయసు యాభై దాటింది, జ్వరం. భార్య ఓబులమ్మ. తండ్రి పేరు రాయవలసిన చోట ఏమీ లేదు. "ఈయన కూతురు జీవమ్మ ఉండాది. మాట్లాడతారా?"

జీవమ్మ తన గుడిసె ముందు శెనక్కాయలు ఒలుస్తోంది. డెబ్బైకి దగ్గర. భర్త లేవి పక్కనే నులకమంచం మీద పడుకొని ఉన్నాడు.

"ఎవరమ్మా, ఓట్లకొచ్చినావా?"

"కాదు. తిమ్మారెడ్డి మనవరాలిని."

నన్ను తలనుంచి తెగిన చెప్పు దాకా చూసింది. "ఏ తిమ్మారెడ్డి? సచ్చినోడా, బతికినోడా?"

చూరులోంచి ఒక కాగితం లాగింది. అన్న పంచిపెట్టించిన కరపత్రం. తాత 1877 కరువులో పోయాడని లావు అక్షరాలతో ఉంది. నాకు తేదీ వెతకమని చెప్పకముందే అచ్చయిపోయింది.

"దీన్ని బడి అయివారు గుడికాడ సదివినాడు. ఆ పొద్దు నుంచీ నాకు బాయికాడ తల ఎత్తను లేదు. ఆ ఎదురింటి విశ్వాసమ్మ అంటాది గదా, 'ఏమే జీవమ్మా, మీ నాయన కరువులో సచ్చె, కరువు పోయిన ఎనిమిదేండ్లకు నువ్వు పుడితివి. మీ యమ్మ ఎనిమిదేండ్లు మోసిందా నిన్ను, ల్యాకుంటే ఇంకెవురన్నా ఉండారా?' అని. ఊరంతా నవ్వింది. ఈ వయసులో నన్ను నాయన ల్యానిదాన్ని చేస్తిరే!"

కథ చెప్పింది. తాత కరువు పనిలో రోడ్డు కొలతలు రాయడానికి వచ్చాడట. జ్వరం వచ్చి పడిపోతే కులం వాళ్లు ఒక్కరూ దగ్గరికి రాలేదు. మట్టి మోసే ఓబులమ్మ ముంతతో గంజి తెచ్చి తాగించింది. "గంజి పోస్తా సచ్చినాడంట! పోసింది మా యమ్మ. తాగి బతికింది మీ తాత. బతికి ఇంటికి పోతే, వాకిట్లో నిలబెట్టి, కుండ పగలగొట్టి, తలకు నీళ్లు పోసుకొన్న్యారంట, నువ్వు సచ్చినావు పో అని. ఇంక ఈడికే వచ్చినాడు."

"మరి మా అవ్వ?"

"గురమ్మ పెద్దమ్మా? ఆమెను గాజులు తియ్యమన్న్యారంట. 'నా మొగుడు ఓర్వకల్లు కాడ మడక దున్నుతాండాడు, నేను ముండనెట్లయితా? మీ కుండ పగిలితే కొత్తది తెచ్చుకోండి' అన్నదంట. మా నాయన అది చెప్పి నవ్వేవాడు. శానాసేపు నవ్వి, మళ్ల మడక ఎత్తుకొని చేనికి పోయేవాడు."

మంచం మీది నుంచి లేవి, "చేన్లో భాగం అడగవే" అన్నాడు.

"నీ నోరు పడిపోను, ఊరకుండు." నావైపు తిరిగింది. "మాకు మీ చేన్లొద్దు, మీ ఇండ్లొద్దు. నేను పుట్టిన్నాటికి మా నాయన బతికుండాడని మీ ఇంటోళ్లు ఒక్కరు చెప్తే చాలు. ఈ పల్లె ఇనేట్లు చెప్పల్ల."

చూస్తానన్నాను. అన్న కూడా అర్జీలు తెచ్చినవాళ్లందరితో అదే అంటాడు.

ఆగస్టు 13

చెప్పాను. అన్న వక్కపలుకు నములుతూ విన్నాడు.

"ఎవరో కిరస్తానీ ముసలిది. నువ్వు పొయ్యి ఆయమ్మ వాకిట్లో కూర్చుంటివా? రెడ్డి తిమోతి యెట్లయితాడు? రేపు ఆస్తికి వస్తాది."

"వద్దంది."

"వద్దన్నోళ్లే ముందొస్తారు. నీకు లోకం తెలీదు."

లోకం తెలిసినవాడు పుస్తకం మొదటి పుట ఎప్పుడిస్తావని అడిగి వెళ్లాడు.

ఆగస్టు 20

ఒక మనిషికి మూడు చావులు. కాశీలో గంగ, గంజికొట్టం, 1904లో జ్వరం. మొదటిదానికి ఆధారం కొర్రలు. రెండోదానికి ఆధారం అన్న అవసరం. మూడోదానికి ఒక పేరు మారిన మనిషి, తండ్రి పేరు లేని ఒక ఖాళీ, ఒక ముసలమ్మ మాట. చిన్న ఈరన్న మాటా మాటే. జీవమ్మకు కూడా అవసరం ఉంది, అన్న అవసరం కంటే పెద్దది. అవసరం ఉన్నవాళ్ల సాక్ష్యం చెల్లదని నేనే పిల్లలకు చెప్పాను.

తిరుగులేని చావు ఒక్కటే ఉంది. గురమ్మ అవ్వది. 1898, నాన్న పెళ్లి అయిన ఏడు, ఈ ఇంట్లోనే, వాంతులూ విరేచనాలూ పట్టుకొని పోయింది. దీని గురించి ఎవరికీ గొడవ లేదు. ఆడదాని చావుకు రాయి నిలబెట్టరు కాబట్టి దాన్ని మార్చవలసిన పని ఎవరికీ పడలేదు.

ఆ గాజుల మాట నమ్మను. చెప్పుకోవడానికి బాగున్న మాటలన్నీ తరువాత అల్లినవే. మొగుడు నిజంగా చచ్చినా, చచ్చాడని నలుగురూ అన్నా, ఈ ఇంట్లో గాజులు నిలవవు. నాకు తెలియదా?

పుస్తకం మొదటి పుట రాశాను. "దాతృత్వానికి మారుపేరైన" అని మొదలుపెట్టాను. చేయి నొప్పి కూడా పుట్టలేదు.

సెప్టెంబరు 4

కమిటీ ఉత్తరం వచ్చింది. కావలసినన్నాళ్లు సెలవు తీసుకొమ్మన్నారని వదినతో చెప్పాను. నా కుర్చీకి వచ్చిన కొత్త ప్రధానోపాధ్యాయురాలి పేరు కూడా అందులోనే ఉంది. బాగానే ఉంది పేరు.

సెప్టెంబరు 19

రాయడానికి కూర్చున్నానే గాని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

వచ్చే ఆదివారం పెద్దల అమావాస్య. ఇంట్లో పోయినవాళ్లందరికీ లోపలి గదిలో పీటల మీద కొత్తబట్టలు పెట్టి సాంబ్రాణి వేస్తారు. వదిన రామలక్ష్మమ్మ బజారుకు పోయి బట్టలు తెచ్చింది. వదినను గురించి ఈ డైరీలో నేను ఎప్పుడూ ఏమీ రాయలేదు, రాయడానికి ఏమీ లేదనుకోవడం వల్ల. నోట్లో నాలుక లేని మనిషి. అన్న పిలిస్తే ఉలిక్కిపడుతుంది, పిలవకపోతే ఉలిక్కిపడుతుంది.

మంచం మీద బట్టలు సర్దుతోంది. తాతకు పంచె, నాన్నకు పంచె, అమ్మకు తెల్లచీర. నాన్న తరువాత ఆరేళ్లు బతికింది అమ్మ. పక్కన ఒక పచ్చచీర, ఎర్ర అంచు. దానిమీద రవికగుడ్డ, డజను గాజులు, కుంకుమ పొట్లం.

"ఇవి ఎవరికి వదినా?"

"మీ అవ్వకు. గురమ్మవ్వకు."

"అవ్వకు గాజులా?"

"ముత్తైదువగా పాయె గదమ్మా. మీ యమ్మ నాకు అట్లే చెప్పింది, ఏటేటా ఇట్లే పెట్టల్లని. పెట్టినాంక ఆ చీర ఇంటి ఆడబిడ్డ కట్టుకోవల్ల. నువ్వు…" ఆగిపోయి చీర మడత సరిచేసింది. "నువ్వు కట్టరాదు గదా. అందుకని నేనే కడతాండా."

"తాత కరువులో పోయాడని మీ ఆయన అంటున్నాడు గదా. అవ్వ పోయింది అది జరిగిన ఇరవై ఏళ్లకు. ముత్తైదువ ఎట్లా అవుతుంది?"

వదిన నావైపు చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. "మొగోళ్ల లెక్కలు నాకేం తెలుసమ్మా" అంది.

పంతొమ్మిదో ఏట నా గాజులు తీసిన తరువాత ఆ గదిలో నాకు పని లేకపోయింది. అమావాస్య నాటికి ఎప్పుడూ కడపలోనే ఉండేదాన్ని. ఉండేట్టు చూసుకొనేదాన్ని. కాబట్టి ఈ ఇంట్లో చరిత్ర చదివినది నేనొక్కదాన్నే, ఈ ముక్క తెలియనిదీ నేనొక్కదాన్నే.

అమ్మ కొత్తకోడలిగా వచ్చిన ఏడే అవ్వ పోయింది. పసుపు రాసి, బొట్టు పెట్టి సాగనంపింది అమ్మే. చూసింది చేసింది, చేసింది వదినకు నేర్పింది. ఈ సాక్ష్యంలో ఎవరికీ ఏ అవసరమూ లేదు. 1898లో తాత బతికే ఉన్నాడు. ఈ ఇంటికి ఆ సంగతి తెలుసు. పాదిరి పుస్తకం నిజం, జీవమ్మ నిజం, ఆ గాజుల మాట నిజం. యాభై ఆరేళ్లుగా మగవాళ్లు వసారాలో ఒక తాతను చంపుతున్నారు, గోడకు ఇవతల ఆడవాళ్లు ఆయన పెళ్లానికి గాజులు పెడుతున్నారు. ఒకళ్లనొకళ్లు అడగలేదు.

అవ్వ గాజులు నిలిచాయి.

సెప్టెంబరు 20

అన్నకు అంతా చెప్పాను. లెక్చరు ఇచ్చినట్టే చెప్పాను, వేళ్లు మడిచి. విన్నాడు. నిజం గట్టిగా తగిలితే మనిషి మారతాడని నాకు ఇంకా ఎక్కడో నమ్మకం ఉన్నట్టుంది. ఈ వయసులో.

అన్న వక్క నోట్లో వేసుకున్నాడు. తరువాత లోపలికి కేకేశాడు. "ఏమే, ఈసారి అవ్వకు తెల్లచీర పెట్టు. గాజులు, కుంకుమ ఒద్దు."

"అన్నా!"

"ఏమి అన్నా? రాయి చెక్కేసినారు, దాన్ని మార్చను కాదు. చీరదేముండాది? మార్చొచ్చు. ఆ పొద్దు మంత్రిగారి మనుషులు భోజనానికి వస్తాండారు. ఒకడు అడిగినాడంటే ఏం చెప్తావు?"

ఇదీ మా అన్న పరిశోధన. రెండు ఆధారాలు పొసగకపోతే మెత్తనిదాన్ని చింపేయడం. పోయి అన్నేళ్లయిన మనిషికి ఇప్పుడు ముండతనం ఇస్తున్నాడు. బతికి ఉండగా నలుగురు మగవాళ్లు కలిసి చేయలేనిది, భోజనాల ఏర్పాట్ల మధ్యలో ఒక్కడు చేసేశాడు.

సెప్టెంబరు 25

వదినకు తలనొప్పి. పొద్దుటినుంచి లేవలేదు.

అన్న నా గదికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. "నువ్వు పెట్టు నాగలక్ష్మీ, రేపు. తెల్లచీరకు నీకు అడ్డం లేదు గదా." కాసేపు నా పుస్తకాలు చూశాడు. "కడప సంగతి నాకు తెలుసులే. ఎవరికీ చెప్పలా. ఈడే ఉండు. ఎన్నాళ్లయినా ఉండు. ఇది నీ ఇల్లు కాదా?"

కాదనలేదు. అంతకంటే హీనం, సంతోషం వేసింది. ఇన్నేళ్ల తరువాత ఆ గది తలుపు నాకు తీస్తున్నారు. ఒక ముత్తైదువ బొట్టు చెరపడానికి తీస్తున్నారు, అయినా సంతోషం వేసింది. అన్నను తిట్టడానికి ఇన్ని పుటలు ఖర్చు పెట్టినదాన్ని, ఈ ఒక్క ముక్క కూడా రాసిపెట్టాలి.

సెప్టెంబరు 26

గదిలోకి వెళ్లేసరికి పెట్టె మీద అన్నీ సర్ది ఉన్నాయి. తెల్లచీర అడుగున ఉంది. పచ్చచీర పైన ఉంది, నాలుగు చెంగులకూ పసుపు తడి ఇంకా ఆరలేదు. తలకు గుడ్డ కట్టుకొని మంచం మీద ఉన్న మనిషి ఎప్పుడు లేచి వచ్చిందో. ఆమెకు అంత ధైర్యమే చేతనైంది. అప్పటిదాకా నా దగ్గర అది కూడా లేదు.

పచ్చచీర పెట్టాను. రవిక, గాజులు పెట్టాను. కుంకుమ తీయడానికి వేళ్లు ముడుచుకున్నాయి. అలవాటు తప్పింది. తీశాను.

అన్న అతిథులతో వచ్చాడు. చూశాడు. మంత్రిగారి మనిషి "అమ్మగారు పుణ్యస్త్రీగా వెళ్లారన్నమాట, అదృష్టవంతురాలు" అని చేతులు జోడించాడు. పక్కన తాత పంచె ఉంది, వాకిట్లో 1877 అన్న కరపత్రాల కట్ట ఉంది. అతడు లెక్క వేయలేదు. ఎవరూ వేయరు. అన్న ఇన్నాళ్లూ అనవసరంగా భయపడ్డాడు. చేసేది లేక తనూ చేతులు జోడించాడు.

వాళ్లు వెళ్లాక వచ్చాడు. "ముండమోపి చేత్తో కుంకుమ ముట్టుకొంటివే! పెద్దల గది మైల చేస్తివి! తిన్న ఇంటికి ఇదేనా?"

"పుస్తకం చింపేశాను అన్నా. రాయి నీది, నిలబెట్టుకో. చీర మాత్రం ఆడబిడ్డకు పోవాలి."

"యాడుండాది ఆడబిడ్డ?"

లోపలి నుంచి వదిన గొంతు వినపడింది, తలనొప్పి మనిషి గొంతులా లేదు. "ఓర్వకల్లు బస్సు పొద్దున్నే ఉండాదమ్మా."

సెప్టెంబరు 27, ఓర్వకల్లు

నా పెట్టెతో సహా వచ్చాను. జీవమ్మ శెనక్కాయల దగ్గరే ఉంది. చీర చేతిలో పెట్టి, ఏ పీట మీదిదో, ఎందుకు పచ్చదో చెప్పాను. అంచు పట్టుకొని చూసింది. కొంగు విప్పి చూసింది. తిరిగి నా ఒళ్లో పెట్టేసింది.

"సచ్చినోళ్ల ముందర పెట్టిన గుడ్డ మేం కట్టరాదమ్మా. ఏసేపు పాదిరికి తెలిస్తే రొట్టె విరిచే పొద్దు నన్ను బయట కూర్చోబెడతాడు."

ఇంత దూరం ఎంత గొప్పగా వచ్చానో! ఆమె మతం నాకు గుర్తు కూడా రాలేదు. మా పూజ ఆమెకు పాపం, ఆమె గంజి మాకు మైల. ఈ జిల్లాలో ఒకరి చేతిది ఒకరు పుచ్చుకోవాలంటే ముందు జ్వరం రావాలి.

"అయితే తీసుకుపోతాను" అన్నాను.

"తీసకపొమ్మన్న్యానా? ఇట్ల తా." లాక్కుంది. "కట్టనంటి గాని ఒద్దంటినా? ఇప్పుడు చెప్పు. ఇది ఎవరిది, ఎవరికి?"

"గురమ్మ అవ్వ చీర. మా అత్తకు."

"అది నాకినపడె. గట్టిగా చెప్పు. ఆ విశ్వాసమ్మకు చెవుడు."

లేచి నిలబడ్డాను. వీధిలో నేను ఎన్నడూ గొంతెత్తలేదు. "మా తాత తిమ్మారెడ్డి బతికుండగా మా గురమ్మ అవ్వ ముత్తైదువగా పోయింది. ఆ చీర మా ఇంటి ఆడబిడ్డకు చెందుతుంది. మా జీవమ్మ అత్తకు తెచ్చాను."

కోళ్లు చెదిరాయి. లేవి మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మీ అన్న ఆడ రాయి నిలబెట్టుకోనీలే" అంది జీవమ్మ, మోకాళ్ల మీద చేతులు ఊని లేస్తూ. "రాయి సదవను ఈడ ఎవరికొచ్చు? చీర చూడను అందరికీ వచ్చు."

చీర పూర్తిగా విప్పి, దోవ వైపు ఉన్న ముళ్లకంచె మీద ఈ కొస నుంచి ఆ కొసకు పరిచింది. గాలికి లేవకుండా అంచును ముళ్లకు గుచ్చింది. ఆకాశమంతా మబ్బు. చీర తడిసిందీ లేదు, ఆరవలసిందీ లేదు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. విశ్వాసమ్మ దోవ దాటి వచ్చి, అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"యాడిదే ఇది?"

జీవమ్మ అప్పటికే కూర్చొని శెనక్కాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"మా పుట్టింటిది" అంది.